అరువు ఏలు

కాశీబుగ్గ గేటు దాటీసి
ఆకరి గూడ్సు ఎల్లిపోనాక
మేనల్లుడు హేమసుందరు
సెల్లు నా తలగడకి ఆనించి
"అత్తా, ఇది సూడు, బుర్ర తిరిగిపోతాది" అన్నాడు.

తిరిగినాది.

జపానోళ్ళ బొమ్మల సినిమా.
ఒక గుంట, ఎర్ర గొడుగు, మెట్లు.
ఎక్కుతున్నకొద్దీ కిందకే ఎల్తాది.
దాని నీడేమో ఇంకో బస్సెక్కి
ఇంకో ఊర్లో దిగిపోనాది.
కంచంలో ఏపుడు సేప లెగిసి కూకుని
"టైమెంతయినాది?" అని అడిగినాది.
ఎవులూ సెప్పనేదు.
బయట వాన
నేల మీంచి మబ్బులోకి కురుస్తంది.

"ఏట్రా ఇది?"
"అర్దం సేసుకోకత్తా, ఒట్టినే సూడు."
ఆడికీ తెల్దని తెలిసిపోనాది.
అడుగున పరిగెడతన్న ఇంగిలీసు అచ్చరాలు
సగం సదివి, సగం మింగి
"ఇదంతా ఆ గుంట కల" అన్నాడు ఒకసారి.
"కాదు కాదు, ఆళ్ళమ్మ కల" అన్నాడు ఇంకోసారి.
మూడో కలకి
ఆడే నిద్దరోనాడు.

పదారేళ్ళబట్టి పలాస జీడి బట్టీలో
నాను పిక్కలు కొడతన్నాను.
బల్ల మీద మూడు కుప్పలు:
గుండు, బద్ద, ముక్క.
మా మేస్త్రీ దాలినాయుడికి
సినిమా అంటే గుండే కావాల.
మొదలూ మద్దీ ఆకరూ
ఎక్కడా ఇరక్కుండా రావాల.
ఇది ముక్కల సినిమా.
ఏ ముక్క ఏ పిక్కలోదో దేవుడికే తెల్దు.
అయితే ఏటి,
నోట్లో ఏసుకుంటే జీడిపప్పే కదా!

అప్పుడొచ్చినాది ఆ కచేరీ.
కిటికీ ఎనకాల గుమస్తా,
తల ఉండాల్సిన సోట రబ్బరు స్టాంపు.
గుంట ఏటో అడిగినాది.
ఆడు అద్దం ఒకటి ముందుకి తోసినాడు.
అద్దంలో గొడుగుంది.
గుంట నేదు.
స్టాంపు అడ్డంగా ఊగినాది.

ఓలమ్మో, పకపకా నవ్వీసినాను.
మా డిపోలో మిసనూ అంతే.
బొటనేలు పెట్టు, ఎర్ర దీపం.
కొంగుకి తుడిసి పెట్టు, ఎర్ర దీపం.
ఏలి మీద గీతలన్నీ
జీడి రసం ఎప్పుడో తినీసినాది.
ఎనకాల లైన్లోంచి దమయంతి
"నిమ్మకాయ రుద్దే" అంటాది,
దాని పదేళ్ళూ తెల్ల కాయితాలే.
"నువ్వు నువ్వేనా?" అంటాడు డీలరు.
"కాకపోతే నీ పురుగుల బియ్యానికి
ఇంకెవులొస్తార్రా?" అంటాను.
ఆ బొమ్మలు గీసినోడెవుడో గానీ
మా లైన్లో ఎప్పుడు నిలబడ్డాడో!

నవ్వుల్లో ఎక్కడ నొక్కీసినానో
సెల్లు నల్లబడిపోనాది.
తాళం.
ఏలు పెట్టినాను. జిర్రుమన్నాది.
మల్లీ పెట్టినాను. మల్లీ జిర్రు.
నోపల ఆ గుంట
అద్దం ముందే నిలబడుంటాది పాపం.

తెల్లారితే ఆడికి ఐటీఐ పరీచ్చ.
లేపబుద్ది కానేదు.
దుప్పట్లోంచి కుడిసెయ్యి మెల్లగా లాగినాను.
ఎంత మెత్తటి ఏలు!
కొత్తగా దున్నిన సెక్కలాగ
సాళ్ళు సాళ్ళుగా గీతలు.
ఆనించినాను.
తెరుసుకున్నాది.
ఆడు నిద్దట్లో ఏటో గొణిగి
అటు తిరిగి పడుకున్నాడు,
సెయ్యి మాత్రం నాకాడ ఒగ్గీసి.

సౌండు తీసీసినాను.
గుంట మల్లీ మెట్లెక్కతంది, కిందకి.
గొడుగు మూసీసినాది,
వానెలాగూ పైకే కదా.
ఎందుకెల్తందో అడగనేదు నాను.
మల్లీ తాళం పడితే పనికొస్తాదని
ఆడి ఏలు గుప్పిట్లోనే ఉంచుకున్నాను.

కంచంలో సేప లెగిసి
నోరు ఆడించినాది.
మాట ఇనబడకపోయినా పోల్చుకున్నాను.
గోడ మీద గడియారం సూసి
"పన్నెండూ పది" అన్నాను,
మెల్లగా,
ఆడు లెగకుండా.